మాట లేని పొగాకు

బురద బూట్లు గుమ్మంలో విడిచి, సంచీ నిండా వస దుంపలతో డెల్ఫీన్ వంటింట్లోకి వచ్చింది. నడుము పట్టేసింది, వేళ్లు కొయ్యబారిపోయాయి, ముందు ఇంత వేడి టీ పడితే తప్ప మనిషి కాదు. కెటిల్ అందుకోబోయి అక్కడే ఆగిపోయింది. కెటిల్ పక్కన తన పొగాకు మూట ఉంది. పొద్దున తన చేత్తో ఎర్రగుడ్డలో చుట్టి ముడివేసి పెట్టుకున్నది, చెక్కుచెదరకుండా అలాగే కూర్చుని ఉంది.

"ఇదిక్కడుంటే మరి నేను తీసుకెళ్లిందెవరిది?" అంది పైకే.

ఇంట్లో జవాబు చెప్పేవాళ్లు ఎవరూ లేరు. గుమ్మంలో పడుకున్న కుక్క మాత్రం ఒక కన్ను తెరిచి మళ్లీ మూసుకుంది. ఆ కుక్క పేరు ఏజెంటు. పూర్వం, ఆదివాసులకని కెనడా సర్కారు కేటాయించిన ఈ రిజర్వు మీద పెత్తనం చేసి, జనం గడప దాటాలన్నా చీటీ రాయించుకోవాలని శాసించిన దొరలను ఏజెంట్లనేవారు. ఊరికే తిని అరవడం తప్ప వేరే పని లేదు కాబట్టి డెల్ఫీన్ దానికి ఆ పేరు పెట్టింది.

డెల్ఫీన్ కుర్చీలో కూలబడి పొద్దున్నుంచీ జరిగిందంతా తలుచుకుంది. వెనక షెడ్డులో దుప్పి మాంసం ఆరబెట్టింది. గడ్డకట్టకముందే మడుగులో దుంపలు తవ్వాలని గబగబా లోపలికి వచ్చి, బల్ల మీదున్న ఎర్రమూట తీసి కోటు జేబులో వేసుకుంది. కళ్లజోడు పెట్టుకోలేదు. మడుగు ఒడ్డున ముడి విప్పి, ఆ పొగాకంతా నేలతల్లికి వేసి, ప్రార్థన చేసి, అప్పుడు తవ్వింది. అంతా పద్ధతి ప్రకారమే చేసింది. కాకపోతే ఆ మూట తనది కాదు.

ఇంత చిన్నదానికి ఇంత గాభరా ఏంటని మీకనిపించవచ్చు. కుందేటివాగు రిజర్వులో పొగాకంటే ఆషామాషీ వ్యవహారం కాదు మరి. బిడ్డకు పేరు పెట్టించాలన్నా, రోగికి ప్రార్థన చేయించాలన్నా, తెగిన బంధం కలపాలన్నా, గుడ్డలో చుట్టిన పొగాకు పెద్దల ముందు పెట్టి, నోరు తెరిచి తమకేం కావాలో చెప్పుకుంటారు. పెద్దలు వింటారు. తమవల్ల అవుతుందనుకుంటేనే మూటను ముట్టుకుంటారు. ముట్టుకున్నారంటే ఒప్పుకున్నట్టే. ఆ తర్వాత ఒంట్లో బాగాలేదనో, బండి పాడైందనో అంటే కుదరదు. ఆకాశం విరిగి మీద పడినా చేసి తీరాలి.

డెల్ఫీన్‌కి డెబ్బై దాటాయి. మాట వినకుండా ఒక్కసారి కూడా పొగాకు ముట్టుకోలేదు. ఈ మధ్య కొత్తగా పెద్దరికం వెలగబెడుతున్నవాళ్లు మిఠాయి అందుకున్నట్టు అందుకుంటారని అందరి ముందూ కడిగేసేది కూడా. అలాంటి మనిషి ఇప్పుడు ఎవరి కోరికో తెలియకుండా ఒప్పేసుకుని, నేలలో కలిపేసి వచ్చింది. తిరిగిద్దామంటే మూట లేదు. చేద్దామంటే ఏం చేయాలో తెలియదు. ఎక్కడో ఎవరో, డెల్ఫీన్ ఒప్పుకుందని నమ్మి ఎదురుచూస్తూ ఉంటారు. ఏ రోగమో, ఏ చావుబతుకుల సంగతో!

అలా కూర్చుని ఉండగానే హెక్టర్ వచ్చాడు. చనిపోయిన భర్తకు తమ్ముడు. రోజూ ఆ వేళకు టీకి దిగుతాడు. వాళ్లలో వదినామరుదులు ఒకరినొకరు ఎగతాళి చేసుకోకపోతేనే తప్పు, చేసుకుంటే తప్పులేదు.

"ఏం వదినా, మొహం అలా పెట్టావ్? మా అన్న కల్లోకొచ్చి డబ్బులడిగాడా?"

"నోర్మూసుకుని కూర్చో. టీ తాగుతావా?"

"టీ కోసం కాకపోతే నీ అందం చూడ్డానికొచ్చాననుకున్నావా ఏంటి?"

బ్యానక్ రొట్టె ముక్క తుంచి అతని ముందు పడేసి డెల్ఫీన్ సంగతంతా చెప్పింది. హెక్టర్ రొట్టె నమలడం మానేసి కడుపు పట్టుకుని నవ్వాడు.

"అయితే ఇంకేం! ఎవడో ముసలోడు నిన్ను పెళ్లికడిగాడు, నువ్వు ఒప్పేసుకున్నావు. విందెప్పుడు?"

"నీ మొహం. నాకు గుండె దడదడలాడుతుంటే నీకు పరాచికాలా? ఎవరికి ఏం ఆపదొచ్చిందో ఏమో!"

హెక్టర్ నవ్వు ఆపాడు. "సరే, పొద్దున ఎవరెవరొచ్చారో చెప్పు."

"నేను ఇంట్లో ఉంటే కదా. షెడ్డులో ఉన్నా. తలుపు తీసే ఉంది. పక్కింటామె చక్కెరకి వచ్చుండొచ్చు. ఆసుపత్రి వ్యాను కుర్రాడు మందులిచ్చి పోయాడు. నీళ్ల బండొచ్చి తొట్టి నింపి పోయింది."

"నీళ్ల బండంటే మీ అల్లుడేగా?"

"అతను లోపలికి రాడని తెలుసుగా నీకు. నేను లేనప్పుడైనా గడప తొక్కడు."

ఆ మాట నిజం. అత్తా అల్లుడూ ఎదురుపడి మాట్లాడుకోకపోవడం వాళ్లలో పాతకాలపు మర్యాద. ఇప్పటి కుర్రాళ్లు దాన్ని ఎప్పుడో గాలికొదిలేశారు. లెస్టర్ మాత్రం తాత పెంపకంలో పెరిగినవాడు. పెళ్లయి ఇరవై ఏళ్లు దాటినా అత్త మొహం వైపు కన్నెత్తి చూడలేదు. ఏదైనా చెప్పాలంటే భార్య మర్లీన్‌తో చెప్తాడు, మర్లీన్ అమ్మతో చెప్తుంది. డెల్ఫీన్ జవాబూ అదే దారిన వెనక్కి వెళ్తుంది. ఇద్దరి మధ్యా ఆ పిల్ల నోరే వంతెన. మూడేళ్ల కిందట మర్లీన్‌కి రెండు మూత్రపిండాలూ చెడిపోయాయి. వారానికి మూడుసార్లు యంత్రం మీద రక్తం శుద్ధి చేయించుకోవాలి. ఆ యంత్రం సాస్కటూన్ పట్నంలో తప్ప దగ్గర్లో లేదు. అందుకని మర్లీన్ పట్నంలో ఒక గది తీసుకుని అక్కడే ఉంటోంది. లెస్టర్ ఇక్కడ నీళ్ల బండి తోలుతూ, సెలవు దొరికినప్పుడల్లా పరిగెత్తుకెళ్తాడు. మర్లీన్ వెళ్లిపోయాక మాటలు మోసే పని ఏజెంటుకి పడింది. "ఏజెంటూ, తొట్టి మూత పగిలింది, ఎవరైనా చూసుకుంటే మంచిది" అని లెస్టర్ కుక్కతో అంటాడు. "ఏజెంటూ, చూసినవాళ్లే బాగుచేస్తే పుణ్యముంటుంది" అని లోపల్నించి డెల్ఫీన్ అంటుంది.

"ఎవరితోనూ అనకు హెక్టర్. నా పరువు పోతుంది," అంది డెల్ఫీన్.

"నేనా? నా సంగతి తెలీదా?" అన్నాడు హెక్టర్.

ఆమెకు బాగానే తెలుసు. వసపిట్ట ఆ మనిషి, కడుపులో మాట దాగదు. సాయంత్రానికల్లా పెట్రోలు బంకులో, బింగో ఆటలో, ఆసుపత్రి వరండాలో అదే కబురు.

మర్నాడు మొదట దిగింది బెర్నిస్. డెల్ఫీన్‌కి అన్నగారి కూతురు. ఆ శనివారమే రిజర్వు తెగకు, అంటే బ్యాండుకి, నాయకుడి ఎన్నిక. ఇప్పుడున్న నాయకుడి మీద బెర్నిస్ పోటీ చేస్తోంది. వస్తూనే అత్త బుగ్గ మీద ముద్దుపెట్టి, సాస్కటూన్ పండ్ల జామ్ సీసా బల్ల మీద పెట్టింది.

"అత్తా, ఆ పొగాకు నేను పెట్టానని అనను."

"అనకు మరి."

"కానీ పెట్టినవాళ్లు ఏం కోరుకునుంటారో ఊహించగలను కదా. ఈ రిజర్వు బాగుపడాలనే కోరుకునుంటారు. దానికి శనివారం ఎవరికి ఓటెయ్యాలో నీకు నేను చెప్పాలా?"

"నువ్వు పెట్టావా లేదా?"

"పెట్టినట్టే అనుకోవచ్చు కదత్తా, మనసులో."

"మనసులో పెట్టింది మనసులోనే ఉంచుకో. నేను నేలలో వేసింది నిజం పొగాకు," అని డెల్ఫీన్ గయ్యిమంది. జామ్ సీసా మాత్రం తిరిగివ్వలేదు.

బెర్నిస్ బండి మలుపు తిరిగిందో లేదో నాయకుడు క్లేటన్ బండి వచ్చి ఆగింది. అతను డెల్ఫీన్ అక్క కొడుకు, అంటే ఆమెకు కొడుకే. చిన్నప్పుడు అతని ముక్కు కారితే తుడిచింది ఈమె చెయ్యే.

"పిన్నీ, ఆ పొగాకు నేను పెట్టానంటే అబద్ధమవుతుంది..."

"పెట్టలేదంటే నిజమవుతుంది. నిజమే చెప్పి పో."

క్లేటన్ టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "అది కాదు పిన్నీ. నీలాంటి పెద్దావిడ ఎవరికో మాటిచ్చిందంటే జనం నా వైపా, బెర్నిస్ వైపా అని చూస్తారు. నువ్వు ఊరికే ఉంటే నాకు నష్టం."

"నీ నష్టం సంగతి తర్వాత. కొత్త ఆసుపత్రిలో రక్తం శుద్ధిచేసే కుర్చీలు తెప్పించానని ఫోటోలు దిగావు. ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. నర్సెప్పుడొస్తుంది?"

"ఎన్నికలవగానే."

"నర్సుకి ఎన్నికలడ్డొచ్చాయా?"

"పైనుంచి మంజూరవ్వాలి పిన్నీ. నా చేతుల్లో ఏముంది?"

"మా ముత్తాత సంతకానికి బదులు గీత గీసిన ఒప్పందంలో మందులపెట్టె ఇస్తామని రాశారు ఇంగ్లండు రాణిగారి మనుషులు. ఆ పెట్టె తాళం ఇంకా ఎవడి జేబులో ఉందిరా? నా బిడ్డ మూడేళ్లుగా పట్నంలో ఒంటరిగా పడుంది. ఆ కుర్చీ ఒక్కటి పనిచేస్తే ఇంటికొచ్చేస్తుంది. పొగాకుతో పరాచికాలాడే తీరికుంది కానీ దానికి లేదా నీకు?"

క్లేటన్ టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. కోపం దిగాక డెల్ఫీన్‌కి ఇంకా తికమకైంది. వీళ్లిద్దరూ కాదు, అది తేలిపోయింది. మరెవరు? పక్కింటామెను అడిగింది, కాదంది. వ్యాను కుర్రాడిని అడిగింది, వాడు బెదిరిపోయాడు. రాత్రి కలలో ఏమైనా కనిపిస్తుందేమోనని తలగడ కింద వస దుంప పెట్టుకు పడుకుంది. కల రాలేదు సరికదా నిద్రే రాలేదు.

తర్వాతి రోజు సాయంత్రం మామూలుగా మర్లీన్‌కి ఫోన్ చేసింది.

"ఎలా ఉన్నావమ్మా?"

"బాగానే ఉన్నానే. బాతు సూపులో నువ్వు ఆ అడవి ఉల్లి ఎప్పుడేస్తావు, ముందా తర్వాతా?"

"ఇప్పుడెందుకది?"

"ఊరికే. నోరూరింది." మర్లీన్ గొంతు పలచగా ఉంది. అయినా నవ్వుతూనే మాట్లాడింది.

డెల్ఫీన్ ఉండబట్టలేక పొగాకు గొడవంతా చెప్పుకొచ్చింది. ఎవరు పెట్టారో తెలియట్లేదనీ, ఎవరూ వచ్చి మాట చెప్పలేదనీ, తనకు మతిపోతోందనీ వాపోయింది.

"ఉన్నావా?" అంది డెల్ఫీన్.

"ఉన్నానమ్మా. మాట ఎవరూ చెప్పలేదా నీకు?"

"చెప్తే నాకీ ఖర్మేంటి?"

"అయితే వదిలెయ్. నువ్వేం చెయ్యక్కర్లేదు. పెట్టినవాళ్లు కూడా ఏమనుకోరులే."

"బుద్ధుందా నీకు? ముట్టుకున్న పొగాకు వదిలెయ్యమంటావా? ఇదా నేను నీకు నేర్పింది?"

"కోప్పడకమ్మా," అని మర్లీన్ ఫోన్ పెట్టేసింది. పిల్లకి ఒంట్లో నలతగా ఉన్నట్టుంది, అనవసరంగా కసిరానే అని డెల్ఫీన్ నొచ్చుకుంది.

ఆ మర్నాడు లెస్టర్ కట్టెలు తెచ్చాడు. పోప్లార్ దుంగలు చీల్చి గోడవారగా పేర్చాడు. మామూలుగా పేర్చడం అవగానే వెళ్లిపోతాడు. ఆ రోజు వెళ్లలేదు. ఏజెంటు చెవుల మధ్య గోకుతూ గుమ్మం బయట చతికిలబడ్డాడు.

"ఏజెంటూ," అన్నాడు చివరికి, "ఎర్రగుడ్డ మూట గురించి ఈ ఇంట్లో ఏమన్నా అనుకున్నారా?"

డెల్ఫీన్‌కి ఒళ్లు మండింది. ఊరంతా చాలక ఇతను కూడా ఎగతాళికి దిగాడన్నమాట! ఇన్నేళ్లూ అల్లుడు ఒక్క మాట మీరలేదని ఎంత గొప్పగా చెప్పుకుంది!

"ఏజెంటూ, పనీపాటా లేనివాళ్లు ఊళ్లో మాటలు మోసుకొస్తారు. మనం పట్టించుకోకూడదు," అంది లోపల్నించి, కెటిల్ ఠంగుమని పెట్టి.

బయట లెస్టర్ లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. ఇంకేదో అనబోతున్నట్టు అలికిడైంది, అంతలోనే ఆగిపోయింది. బండి తలుపు పడిన చప్పుడు, వెళ్లిపోయిన చప్పుడు వినిపించాయి.

ఎన్నికల ముందు రోజు మధ్యాహ్నం బ్యాండు హాల్లో అందరికీ భోజనం. నాయకుడూ, పోటీదారూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే సూపు తాగాలి, అదీ అక్కడి పద్ధతి. భోజనానికి ముందు ప్రార్థన చేయమని డెల్ఫీన్‌ని పిలిచారు. ఆమె మైకు ముందుకు వెళ్లింది. ప్రార్థన మొదలుపెట్టలేకపోయింది.

"ముందొక మాట. నేనొక తప్పు చేశాను. మీలో ఎవరో మా ఇంట్లో పొగాకు పెట్టారు. మాట వినకుండానే నేను దాన్ని వాడేశాను. ఒప్పుకున్నట్టే లెక్క. ఏం చెయ్యాలో తెలియక నాలుగు రోజులుగా నాకు తిండి సయించట్లేదు, నిద్ర పట్టట్లేదు. నవ్వుకుంటే నవ్వుకోండి. కానీ ఆ మనిషెవరో లేచి చెప్పండి. కొండని పిండి చెయ్యమన్నా చేస్తాను."

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బెర్నిస్ తల దించుకుంది, క్లేటన్ కిటికీలోంచి చూశాడు. ఎవరూ లేవలేదు. డెల్ఫీన్ తడబడుతూ ప్రార్థన ముగించి వచ్చి కూర్చుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంతమందిలో అడిగినా చెప్పలేని కోరికేంటి?

హెక్టర్ పక్కన కూర్చుని సూపు జుర్రుకుంటున్నాడు. "నాకర్థం కాదు వదినా. ఈ ఊళ్లో నీతో చెప్పుకోడానికి నోరు రానివాళ్లెవరున్నారు? అందరూ నీ చెవులు కొరికేసేవాళ్లే కదా!"

డెల్ఫీన్ చెంచా కింద పెట్టింది. అందరూ కాదు. ఒక్కడున్నాడు. ప్రాణం మీదకొచ్చినా తనతో నోరు విప్పనివాడు ఒక్కడే ఒక్కడు. హాలు గుమ్మంలో ఇందాక నిలబడి, తను మైకు దగ్గర మాట్లాడుతుంటే బయటికి వెళ్లిపోయినవాడు.

"లే హెక్టర్. బయటికి పద."

"సూపు..."

"సూపు తర్వాత."

లెస్టర్ తన బండి పక్కన నిలబడి ఉన్నాడు. అత్తను చూడగానే అలవాటుగా మొహం పక్కకు తిప్పుకున్నాడు. డెల్ఫీన్ కూడా అలవాటుగానే దూరంగా ఆగింది. హెక్టర్‌ను ఇద్దరి మధ్యా నిలబెట్టింది.

"అడుగు. ఆ పొగాకు అతనిదేనా?"

"ఏరా అబ్బాయ్, ఆ పొగాకు నీదేనా?"

"నాది కాదు," అన్నాడు లెస్టర్. "నేను తెచ్చానంతే."

"తనది కాదట వదినా. తెచ్చాడట అంతే."

"నాకేం చెవుడు లేదు. ఎవరిదో అడుగు."

హెక్టర్ అడిగే లోపలే లెస్టర్ కాళ్ల కింది కంకర వైపు చూస్తూ మొదలుపెట్టాడు. "తను పంపింది. ఎవరి చేతైనా మాట చెప్పించమంది. ఎవరి చేత చెప్పించను? నా నోటితో వాళ్లకైనా ఎలా చెప్పను? ఆవిడ షెడ్డులో ఉందని చూసి, మొదటిసారి గడప తొక్కి, బల్ల మీద పెట్టి పారిపోయాను. నిన్న చెప్దామనే వచ్చాను. కుక్కతో చెప్పే మాటా అది?"

"తను పంపిందట..." అని హెక్టర్ మొదలుపెట్టి, ఆ 'తను' ఎవరో అర్థమై నోరు మూసుకున్నాడు.

డెల్ఫీన్ మరిది భుజం పట్టి పక్కకు జరిపింది. ముందుకు నడిచి అల్లుడి ఎదురుగా నిలబడింది. ఇరవై ఏళ్లు దాటి ఇంట్లో మనిషిగా ఉన్నవాడి మొహం ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదలు. గడ్డం నెరిసిపోయింది.

"నాయనా లెస్టర్, ఇలా చూడు. నా బిడ్డకేమైంది?"

లెస్టర్ తలెత్తాడు. "సోమవారం నుంచి యంత్రానికి వెళ్లట్లేదండీ. ఇంక ఆ కుర్చీలో కూర్చోనంటోంది. అలిసిపోయానంది. పిచ్చి పట్టి అనట్లేదు, దిగులుతోనూ అనట్లేదు. డాక్టర్లు రెండుసార్లు కూర్చోబెట్టి అడిగారు. ఇంటికొస్తానంటోంది. మీ ఇంటికి."

మానేస్తే ఏమవుతుందో డెల్ఫీన్‌కి ఎవరూ చెప్పనక్కర్లేదు. వారం. కాకపోతే ఇంకో వారం. ఆమె బండి బానెట్ మీద చెయ్యి ఆనించింది.

"మీరు తిరిగి పట్నం పంపిస్తారని దాని భయం. తిరిగి పంపకూడదు, బతిమాలకూడదు, ఉన్నన్నాళ్లు మీ దగ్గర ఉండనివ్వాలి. ఆ పొగాకు అందుకే."

"నువ్వా మాట చెప్పుంటే నేనా మూట ముట్టుకునేదాన్నా?" అని అరిచింది డెల్ఫీన్. "ఏ తల్లైనా ముట్టుకుంటుందా? మోసం కదూ ఇది?"

"ముట్టుకోరని తెలుసండీ. మొదట నాకే పెట్టింది. అప్పుడు నేను ముట్టుకోలేదు, మీకని ఇచ్చాకే తీసుకున్నాను." "నేను ఒప్పుకోలేని పని మీ దగ్గరికి తెచ్చి పడేసి పారిపోయాను. తప్పే."

డెల్ఫీన్‌కి ఇతని మీద కోపమో, జాలో, తన మీద తనకే అసహ్యమో తెలియలేదు. ఫోన్‌లో మర్లీన్ అన్న మాట అప్పుడు అర్థమైంది. వదిలెయ్, నువ్వేం చెయ్యక్కర్లేదు. పెట్టిన మనిషే విడిచిపెట్టింది. అంటే తనమీద ఇప్పుడు ఏ బాధ్యతా లేదు. వెళ్లి చెయ్యి పట్టి లాక్కెళ్లి ఆ కుర్చీలో కూర్చోబెట్టినా ఎవరూ తప్పనరు. తల్లిగా అదే చెయ్యాలి కదా. కాదా?

"బండి తియ్యి," అంది.

హెక్టర్ తన కోటు విప్పి ఆమె భుజాల మీద కప్పాడు.

దారంతా కోసేసిన గోధుమ చేలు, రోడ్డు గుంటల్లో నీళ్లు. అత్తా అల్లుడూ పక్కపక్కన కూర్చోవడం ఇద్దరికీ కొత్త. డెల్ఫీన్ మనసు మాత్రం ఒక్కచోట నిలవలేదు. లాక్కెళ్దాం అని ఒకసారి. నేలలో వేసిన దాన్ని వెనక్కి ఎలా తీస్తాం అని ఒకసారి. మూడేళ్లు సూదులు పొడిపించుకున్నది నేను కాదుగా అని ఒకసారి. ఇంకో ఏడాది ఆగితే ఇక్కడి కుర్చీకి నర్సు వస్తుందేమో, ఎవరికి తెలుసు అని ఇంకోసారి. ఏ ఆలోచన ఎక్కడ మొదలై ఎక్కడ తెగిందో ఆమెకే తెలియలేదు.

"హీటరు పెంచమంటారా?" అన్నాడు లెస్టర్ ఒకచోట, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"పెంచు," అంది డెల్ఫీన్.

మర్లీన్ గది ఒక ఇంటి నేలమాళిగలో ఉంది. తలుపు తీసేసరికి మంచం అంచున కూర్చుని ఉంది. మొహం ఉబ్బింది. పాదాలు చెప్పుల్లో పట్టనంతగా వాచాయి. తల్లిని చూసి లేవబోయి లేవలేకపోయింది.

"వదిలెయ్యమన్నానుగా అమ్మా."

దారి పొడవునా డెల్ఫీన్ రెండు రకాల మాటలు సిద్ధం చేసుకుంది. రెండూ ఎగిరిపోయాయి. కింద చాప మీద చతికిలబడి ఆ వాచిన పాదాలు ఒళ్లోకి తీసుకుంది.

"రేపు ఒక్కసారి వెళ్దామే. ఒక్కసారి. నేనూ పక్కన కూర్చుంటా. నీకిష్టం లేకపోతే..." అని మొదలుపెట్టింది. మర్లీన్ వాదించనూ లేదు, తల ఊపనూ లేదు. చిన్నప్పుడు జ్వరమొస్తే చూసినట్టే అమ్మను చూసింది, అంతే. డెల్ఫీన్ మాట మధ్యలోనే తెగిపోయింది.

"నాకేం తెలీట్లేదే మర్లీన్. నిన్ను తీసుకెళ్తే పాపమో, తీసుకెళ్లకపోతే పాపమో నాకు తెలీట్లేదు. ఇన్నేళ్లుగా జనానికి సలహాలిచ్చాను, ఇప్పుడు నాకొక్కటి రావట్లేదు."

"తిరిగి పంపవుగా?"

డెల్ఫీన్ ఆ పాదాలు నిమురుతూ ఉండిపోయింది. వెళ్దాం పద అంటే ఈ పిల్ల వచ్చేస్తుంది. తనకు ఎదురుచెప్పడం ఎప్పుడూ చాతకాదు, అమ్మ బతిమాలితే మళ్లీ వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంటుంది. అందుకే కదా ముందే పొగాకు పంపింది.

"పంపను," అంది.

అన్నాక భోరుమని ఏడ్చింది. మర్లీన్ వంగి అమ్మ తల మీద చెయ్యి వేసింది. గుమ్మంలో లెస్టర్ అటు తిరిగి నిలబడ్డాడు.

కాసేపటికి డెల్ఫీన్ ముక్కు తుడుచుకుని లేచింది. "లెస్టర్, ఆ మూలనున్న పెట్టె బండిలో పెట్టు. మందుల సంచీ ముందు సీట్లో పెట్టు, వెనకైతే చల్లబడతాయి."

"అలాగేనండీ. దుప్పటి కూడా తేనా?"

"తే. రెండు తే."

మర్లీన్ తల్లినీ మొగుణ్నీ మార్చి మార్చి చూసింది. ఉబ్బిన మొహంలో కళ్లు పెద్దవయ్యాయి. "మీరిద్దరూ ఎప్పట్నుంచి మాట్లాడుకుంటున్నారు?"

"ఇవాళ మధ్యాహ్నం నుంచి," అంది డెల్ఫీన్.

మర్లీన్‌కి నవ్వొచ్చింది. నవ్వితే ఆయాసమొచ్చి, ఛాతీ పట్టుకుని మరీ నవ్వింది. "అయితే ఇంక మీకు నాతో పన్లేదన్నమాట," అంది.

"నోర్ముయ్. చెయ్యి చాపు," అంటూ డెల్ఫీన్ కూతురికి కోటు తొడిగింది. కళ్ల నిండా నీళ్లతో గుండీలు కనిపించలేదు. ఒకసారి పెట్టి, విప్పి, మళ్లీ పెట్టింది. రెండోసారీ తప్పు కాజాల్లోకే వెళ్లాయి. మర్లీన్ సరిచేసుకోకుండా అలాగే అమ్మ భుజం పట్టుకుని లేచింది.